ఆ రోజుల్లో చేయగలిగేవాళ్ళం, ఆ రోజున చేయగలిగాం: ఇంగ్లీషులో ఎలా చెప్పాలి

నిన్న రాత్రి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే ఆఖరి పంటు మీకు దొరికింది. నరసాపురం ఒడ్డుకి వచ్చాక ఆ సంగతి హైదరాబాద్‌లో ఉన్న మేనేజర్‌కి ఇంగ్లీషులో చెప్పాలి. మనలో ఎక్కువమంది అనేది ఇది: "ఐ కుడ్ క్యాచ్ ది లాస్ట్ ఫెర్రీ." 'కెన్'కి భూతకాలం 'కుడ్' అని బడిలో చెప్పారు కాబట్టి వాక్యం సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు బాగా తెలిసిన చెవికి ఇందులో పంటు దొరికిన సంగతి వినపడదు. "కావాలంటే ఆఖరి పంటు పట్టుకోవచ్చు" అన్నట్టు వినిపిస్తుంది. ఇంతకీ ఎక్కావా లేదా అన్న అనుమానం అవతలివాళ్ళకి మిగిలిపోతుంది.

కువైట్, మస్కట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో, ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో, ఆఫీసు మెయిల్స్‌లో మనవాళ్ళు చేసిన పనిని కూడా చేయనట్టుగా చెప్పుకుంటున్నారు. కష్టపడి సాధించినదాన్ని ఒక్క చిన్న మాట వల్ల పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే ఈ తేడా మనకి కొత్తది కాదు. తెలుగులో రోజూ పాటిస్తున్నదే.

మొదట చేయాల్సింది: తెలుగు క్రియ చివర చూడండి

చెప్పాలనుకున్న వాక్యాన్ని ముందు తెలుగులోనే అనుకోండి. ఈ రెండూ చూడండి.

చిన్నప్పుడు కాలవ ఆ ఒడ్డు దాకా ఈదగలిగేవాణ్ణి.
ఆ రోజు కాలవ ఈది అవతలికి చేరగలిగాను.

బడి మొహం చూడని అమ్మమ్మ కూడా ఈ రెంటినీ ఎప్పుడూ తారుమారు చేయదు. మొదటి వాక్యంలో ఉన్నది సత్తా. అప్పట్లో ఈత బాగా వచ్చు, అంతే. ఏ రోజు ఈదానో, ఎన్నిసార్లు ఈదానో అందులో లేదు. రెండో దాంట్లో ఉన్నది జరిగిన పని. ఒకానొక రోజు నీళ్ళలో దిగాను, అవతలి గట్టు ఎక్కాను.

'గలిగేవాణ్ణి', 'గలిగేదాన్ని', 'గలిగేవాళ్ళం', 'వచ్చేది' అని ముగిస్తే ఇంగ్లీషులో 'కుడ్'. 'గలిగాను', 'గలిగాం', 'గలిగింది' అని ముగిస్తే 'వాజ్ ఏబుల్ టు', 'వర్ ఏబుల్ టు' లేదా 'మేనేజ్డ్ టు'. కాబట్టి మొదటిది "ఐ కుడ్ స్విమ్ అక్రాస్ ది కెనాల్ వెన్ ఐ వాజ్ ఎ బాయ్." రెండోది "ఐ వాజ్ ఏబుల్ టు స్విమ్ అక్రాస్ ది కెనాల్ దట్ డే."

మాటల్లో మనం 'గలిగాను' అని ప్రతిసారీ అనం, నిజమే. "పంటు దొరికింది", "ఎలాగోలా పని అయింది", "చివరికి ఒప్పించాను" అంటాం. అలాంటప్పుడు వాక్యం ముందు ఒకసారి "ఆ రోజుల్లో" అని, ఒకసారి "ఆ రోజున" అని పెట్టి చూడండి. "ఆ రోజుల్లో" అతికితే 'కుడ్' వాడండి. "ఆ రోజున" మాత్రమే అతికితే 'కుడ్' జోలికి వెళ్ళకండి. "ఆ రోజుల్లో మా తాత పూటకి ఇరవై కొబ్బరిచెట్లు ఎక్కగలిగేవాడు" అంటే బాగుంది. "ఆ రోజుల్లో ఆఖరి పంటు దొరికింది" అంటే ఎక్కడో పట్టేసినట్టు ఉంది కదా! ఆ పట్టేయడమే మీకు గుర్తు.

'కుడ్' సరిగ్గా సరిపోయే చోట్లు

పాత రోజుల అలవాట్లు, విద్యలు, సౌకర్యాలు ఇవన్నీ 'కుడ్' వే. కొబ్బరి దింపు తీసే తాత గురించి "మై గ్రాండ్‌ఫాదర్ కుడ్ క్లైంబ్ ట్వెంటీ కోకోనట్ ట్రీస్ ఇన్ ఎ మార్నింగ్" అనండి. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే అమ్మ గురించి "మై మదర్ కుడ్ మేక్ లేస్ వితౌట్ లుకింగ్ ఎట్ హర్ హ్యాండ్స్" అనండి. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన రాకముందు సంగతి చెప్పాలంటే "పీపుల్ కుడ్ క్రాస్ ది రివర్ ఓన్లీ బై బోట్" అంటే చాలు.

సంవత్సరం కనపడగానే 'వాజ్ ఏబుల్ టు' పెట్టేయాలని కొందరు అనుకుంటారు. అది కాదు. రాజమండ్రి దగ్గర హావ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. "ఫ్రమ్ 1900 టు 1997, ట్రైన్స్ కుడ్ క్రాస్ ది గోదావరి ఆన్ ది హావ్‌లాక్ బ్రిడ్జ్" అన్న వాక్యంలో రెండు సంవత్సరాలున్నా 'కుడ్' తప్పు కాదు. ఎందుకంటే అది అన్నేళ్ళూ ఉన్న వీలు. ఏదో ఒక రైలు ఒక రోజు దాటిన ముచ్చట కాదు.

ఇప్పుడు ఆ సత్తా లేదని ప్రత్యేకంగా చెప్పాలంటే "ఐ యూస్డ్ టు బి ఏబుల్ టు క్లైంబ్ కోకోనట్ ట్రీస్" అనండి. "ఒకప్పుడు ఎక్కేవాణ్ణి, ఇప్పుడు నా వల్ల కాదు" అన్నమాట.

ఒక్కసారి జరిగిన పని

అసలు ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది ఇక్కడే.

గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల్లో ఉన్న మనవాళ్ళకి బయటి దేశాల నుంచి ఫోన్లు వస్తాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక అయిన 17.75 అడుగులు దాటిపోయిన రోజుల్ని గుర్తు చేసుకోండి. అలాంటి రోజున అమెరికాలో పుట్టి పెరిగిన మనవడు ఇంగ్లీషులో పశువుల సంగతి అడిగాడనుకుందాం. మీరు "వి కుడ్ మూవ్ ది క్యాటిల్ టు ది బండ్" అంటే, తరలించే వీలు ఉందని అర్థం చేసుకుంటాడు. తరలించారో లేదో తెలియక టెన్షన్ పడుతూనే ఉంటాడు. "వి వర్ ఏబుల్ టు మూవ్ ది క్యాటిల్ టు ది బండ్" అంటే పశువులు ఏటిగట్టు ఎక్కేశాయని తెలుస్తుంది. "వి మేనేజ్డ్ టు మూవ్ దెమ్" అంటే నానా తంటాలు పడి ఎక్కించారని కూడా తెలుస్తుంది.

'మేనేజ్డ్ టు'లో కష్టం దాగి ఉంటుంది. తెలుగులో 'ఎలాగోలా', 'ఎట్టకేలకు', 'కిందామీదా పడి' అని మీ నోటికి వస్తోందంటే అక్కడ వాడాల్సింది అదే. మామూలుగా సాధ్యపడిందంటే 'వాజ్ ఏబుల్ టు' సరిపోతుంది. ఇదే అర్థంలో 'సక్సీడెడ్ ఇన్' అని ఇంకొకటి ఉంది. దాని తర్వాత క్రియకి 'ఇంగ్' చేరుతుంది: "హి సక్సీడెడ్ ఇన్ కన్విన్సింగ్ ది బ్యాంక్." రాతలో బాగుంటుంది, మాటల్లో కాస్త బరువు.

ఏకవచనానికి 'వాజ్', బహువచనానికి 'వర్'. 'యు' వచ్చినప్పుడు ఒక్కరైనా 'వర్' అనే అనాలి. 'టు' తర్వాత క్రియ మూలరూపంలోనే ఉండాలి. "ఐ వాజ్ ఏబుల్ టు రీచ్డ్" అనకండి, "టు రీచ్" అనండి.

చరిత్ర చెప్పేటప్పుడూ ఇదే పద్ధతి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది. పిల్లాడు వ్యాసంలో "కాటన్ కుడ్ కంప్లీట్ ది ఆనకట్ ఇన్ 1852" అని రాస్తే పని పూర్తయిందో లేదో తేలదు. "కాటన్ వాజ్ ఏబుల్ టు కంప్లీట్ ది ఆనకట్ ఇన్ 1852" అని దిద్దించండి. దాని తర్వాత డెల్టా గురించి చెప్పే వాక్యంలో మళ్ళీ 'కుడ్' దర్జాగా వస్తుంది: "ఆఫ్టర్ దట్, ఫార్మర్స్ కుడ్ బ్రింగ్ రివర్ వాటర్ టు దెయిర్ ఫీల్డ్స్ త్రూ కెనాల్స్." ఆనకట్ట పూర్తవడం ఒక్కసారి జరిగింది. నీళ్ళు పెట్టుకునే వీలు ఏటా ఉంది.

ఇంకో మాట. చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. "ఐ కాట్ ది లాస్ట్ ఫెర్రీ" అనేస్తే పని అయిపోతుంది. ఇంటర్వ్యూలో, బయోడేటాలో నేను గట్టిగా చెప్పే సలహా ఇదే. "ఐ కుడ్ సాల్వ్ ది ప్రాబ్లమ్" అనకండి. "ఐ సాల్వ్డ్ ది ప్రాబ్లమ్" అనండి. మీరు చేసిన పనిని సూటిగా, సాదా భూతకాలంలో చెప్పండి. అడ్డంకి ఏదో దాటి చేశారని వాళ్ళకి తెలియాలంటేనే 'వాజ్ ఏబుల్ టు' వైపు వెళ్ళండి.

మాట్లాడుతుండగా ఏది వాడాలో తోచకపోతే ఏం చేయాలి? 'వాజ్ ఏబుల్ టు' అనేయండి. అది పాత సత్తాకీ నప్పుతుంది, ఒక్కసారి జరిగిన పనికీ నప్పుతుంది. "హి వాజ్ ఏబుల్ టు స్విమ్ ఎట్ ఫైవ్" అన్నా తప్పు లేదు, 'కుడ్' అంత సహజంగా లేకపోవచ్చు, అంతే. చిక్కంతా 'కుడ్'తోనే.

'కాదు' అనే వాక్యాల్లో భయం లేదు

"నాకు ఈత వచ్చేది కాదు" అన్నా, "ఆ రోజు కాలవ దాటలేకపోయాను" అన్నా, ఇంగ్లీషులో రెంటికీ 'కుడ్ నాట్' చాలు. "ఐ కుడ్న్ట్ స్విమ్." "ఐ కుడ్న్ట్ క్రాస్ ది కెనాల్ దట్ డే." అవునన్నప్పుడు ఉన్న పట్టింపు కాదన్నప్పుడు ఎందుకు లేదు? ఒకసారి ఆలోచిస్తే ఇక మర్చిపోరు. ఒకడికి సత్తా ఉందంటే పని జరిగిందని చెప్పలేం. సత్తా లేదంటే మాత్రం పని జరగలేదని తేలిపోతుంది. అనుమానానికి చోటు లేదు కాబట్టి ఇంగ్లీషు కూడా అక్కడ రెండు దారులు పెట్టలేదు.

కాబట్టి 1996 నవంబరు తుఫాను గురించి కోనసీమలో పెద్దవాళ్ళు చెప్పే మాటల్ని ఇంగ్లీషులో పెట్టాలంటే "వి కుడ్న్ట్ సేవ్ ది కోకోనట్ ట్రీస్" అని ధైర్యంగా అనండి. అది ఒక్క రాత్రి సంగతే అయినా తప్పు కాదు.

'హార్డ్‌లీ', 'ఓన్లీ' లాంటి మాటలు కూడా సగం 'కాదు' కిందే లెక్క. "వి కుడ్ హార్డ్‌లీ స్టాండ్ ఇన్ దట్ విండ్", "వి కుడ్ సేవ్ ఓన్లీ టూ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ" అన్నవి సరైనవే.

ఇక్కడే పలకడం గురించి. ఇంగ్లీషు రాతలో ఈ మాట మధ్య 'ఎల్' అక్షరం ఉంటుంది, దాన్ని పలకకూడదు. 'కుల్డ్' కాదు, 'కుడ్'. నిజానికి పాత ఇంగ్లీషులో ఆ 'ఎల్' లేనే లేదు. 'షుడ్', 'వుడ్' రాతల్ని చూసి తర్వాతి కాలంలో దీనికీ తగిలించారు. 'కుడ్న్ట్' అన్నప్పుడు చివరి 'ట్' మింగేస్తే కాదు కాస్తా అవును అయిపోతుంది. ఫోన్లో అయితే విడదీసి 'కుడ్ నాట్' అనడమే మంచిది.

చూపు, వినికిడి, జ్ఞాపకం

ఒక్కసారి జరిగినా 'కుడ్' వాడగలిగే చోటు ఒకటుంది. కనిపించడం, వినిపించడం, వాసన రావడం, రుచి తెలియడం, అర్థం కావడం, గుర్తుండడం. అంతర్వేదిలో ఆ సాయంత్రం సముద్రం హోరు వినిపించిందంటే "వి కుడ్ హియర్ ది సీ" అనాలి. పక్కింట్లో పులస పులుసు వాసన వచ్చిందంటే "ఐ కుడ్ స్మెల్ ది ఫిష్ కర్రీ." ఆవిడ చెప్పింది అర్థమైందంటే "ఐ కుడ్ అండర్‌స్టాండ్ వాట్ షి సెడ్."

దీనికీ తెలుగులోనే ఆనవాలు ఉంది. మనం వీటన్నిటికీ 'నేను' అనం, 'నాకు' అంటాం. నాకు కనిపించింది, నాకు వినిపించింది, నాకు అర్థమైంది. ఇంద్రియాలకో మనసుకో సంబంధించిన 'నాకు' అయితే 'కుడ్' వేయండి. "నాకు పంటు దొరికింది", "నాకు ఉద్యోగం వచ్చింది" లాంటి 'నాకు'కి ఇది వర్తించదు. అవి బయట జరిగిన పనులు, వాటికి పై పద్ధతే.

చేయగలిగేవాళ్ళమే, కానీ చేయలేదు

'గలిగేవాళ్ళం'కి చివర 'ఏ' అని దీర్ఘం చేర్చి 'గలిగేవాళ్ళమే' అన్నామంటే కథ మారిపోతుంది. "ఆ రోజు పులస కొనగలిగేవాళ్ళమే, ధర విని వెనక్కొచ్చేశాం." సత్తా ఉంది, పని జరగలేదు. దీనికి 'కుడ్ హావ్' అని, క్రియ మూడో రూపం చేర్చాలి: "వి కుడ్ హావ్ బాట్ ఎ పులస, బట్ వి డిడ్న్ట్." ఉత్త 'కుడ్ బై' అంటే ఇప్పుడో రేపో కొనొచ్చు అన్నట్టు వినిపిస్తుంది.

నిష్ఠూరానికీ ఇదే వాడతారు. "వస్తున్నట్టు ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నయ్యా!" అనడానికి "యు కుడ్ హావ్ టోల్డ్ మి" అంటారు. మాటల్లో ఇది 'కుడవ్' అని కలిసిపోతుంది. అలా విని చాలామంది, ఇంగ్లీషువాళ్ళు సైతం, 'కుడ్ ఆఫ్' అని రాసేస్తారు. రాతలో ఎప్పుడూ 'హావ్' ఉండాలి.

అడిగేటప్పుడు

"టికెట్ దొరికిందా?" అని అడగాలనుకుని "కుడ్ యు గెట్ ది టికెట్?" అంటే అవతలివాళ్ళకి "కాస్త టికెట్ తీసుకొస్తారా?" అని వినిపిస్తుంది. 'కుడ్ యు' అనేది ఈ రోజుల్లో ఎక్కువగా మర్యాదగా పని చెప్పే మాట. జరిగిందో లేదో తెలుసుకోవాలంటే "వర్ యు ఏబుల్ టు గెట్ ది టికెట్?" లేదా "డిడ్ యు మేనేజ్ టు గెట్ ది టికెట్?" అని అడగండి. పెద్దవాళ్ళని, పై అధికారుల్ని అడిగేటప్పుడు ఈ రెండూ మర్యాదగానే ఉంటాయి.

'కుడ్ ఏబుల్ టు' మానేయండి

మన ప్రాంతంలో నేను ఎక్కువగా వినే తప్పు ఇది. "ఐ కుడ్ ఏబుల్ టు ఫినిష్", "ఐ కాంట్ ఏబుల్ టు కమ్", "ఐ కుడ్న్ట్ ఏబుల్ టు అటెండ్." ఇందులో రెండు మాటలూ ఒకే పని చేస్తున్నాయి. కుడ్ ఉంటే ఏబుల్ ఉండకూడదు, ఏబుల్ ఉంటే దాని ముందు వాజ్, వర్, బి, బీన్ లాంటి మాట ఒకటి ఉండాలి. "ఐ కుడ్న్ట్ అటెండ్" లేదా "ఐ వాజ్న్ట్ ఏబుల్ టు అటెండ్." రెంటిలో ఒకటి ఎంచుకుని వారం రోజులు అదే వాడండి, నాలుక దానంతటదే తిరుగుతుంది. 'డిడ్న్ట్ కుడ్' అని కూడా లేదు.

'కుడ్' అసలు నిలవని చోటు కూడా ఒకటుంది. "మూడు రోజులుగా ఆఫీసుకి వెళ్ళలేకపోతున్నాను" లాంటి, ఇప్పటిదాకా సాగుతున్న సంగతికి "ఐ హావ్ నాట్ బీన్ ఏబుల్ టు గో టు ది ఆఫీస్ ఫర్ త్రీ డేస్" అనాలి. వరద రోజుల్లో సెలవు మెయిల్ రాయడానికి ఈ వాక్యం ఒక్కటి కంఠతా పట్టినా ఉపయోగమే.

సాధన ఎలా చేయాలి

రోజూ పడుకునే ముందు రెండే వాక్యాలు రాయండి. ఒకటి "ఆ రోజుల్లో"తో, ఇంకొకటి "ఇవాళ"తో. పుస్తకంలో ఉన్న లండన్ బస్సులు, మంచు వద్దు. మీ చేను, మీ చెరువు, మీ బస్సు గురించే రాయండి. సొంత సంగతి అయితేనే అది సత్తానా, జరిగిన పనా అన్నది మీకు వెంటనే తెలుస్తుంది. రాసింది పైకి చదవండి, వీలైతే ఫోన్లో రికార్డు చేసి వినండి.

మొదలుపెట్టడానికి కొన్ని ఇస్తున్నాను. జవాబు చూడకుండా ముందు మీరు చెప్పి చూడండి.

దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు మా పిన్ని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంగి నాట్లు వేయగలిగేది. ఇది ఆ రోజుల్లో సంగతి: "మై ఆంట్ కుడ్ ట్రాన్స్‌ప్లాంట్ ప్యాడీ ఫ్రమ్ మార్నింగ్ టు ఈవెనింగ్."

నిన్న రావులపాలెంలో ట్రాఫిక్ ఆగిపోయినా ఎలాగోలా టైముకి పరీక్ష హాలుకి చేరాను. 'ఎలాగోలా' ఉంది: "ఐ మేనేజ్డ్ టు రీచ్ ది ఎగ్జామ్ హాల్ ఆన్ టైమ్."

కాలవలకి నీళ్ళు ఆపేయడంతో ఆ వేసవిలో చెరువు నింపుకోలేకపోయాం. కాదన్న వాక్యం, నిశ్చింతగా: "వి కుడ్న్ట్ ఫిల్ ది పాండ్ దట్ సమ్మర్."

బ్యాంకు లోను వచ్చిందా బాబాయ్? "వర్ యు ఏబుల్ టు గెట్ ది లోన్?" ఇక్కడ 'కుడ్ యు' అంటే ఆయన్నే లోను తెచ్చిపెట్టమన్నట్టు అవుతుంది.

అమలాపురంలోనే ఉద్యోగం చేసుకోగలిగేవాణ్ణే, మస్కట్ వెళ్ళాను. దీర్ఘం విన్నారు కదా: "ఐ కుడ్ హావ్ వర్క్‌డ్ ఇన్ అమలాపురం, బట్ ఐ వెంట్ టు మస్కట్."